మనిషి వివరాల్లో మరో గడి

ఏ సంస్థ పోర్టల్‌లోనైనా మనిషంటే కొన్ని గడులు. పేరు, పుట్టిన తేదీ, ఫోన్ నంబరు, చిరునామా, చేసే పని. ఈ గడులన్నిటినీ కలిపి ప్రొఫైల్ అంటున్నాం. ఒక్కో గడిని ప్రోగ్రామర్లు అట్రిబ్యూట్ అంటారు. పోర్టల్ తయారై వచ్చేటప్పుడే కొన్ని గడులు దానితో వస్తాయి, కానీ అవి ఎవరికీ చాలవు. ఆస్పత్రికి రక్తం గ్రూపు కావాలి, ఓడరేవుకు గేటు పాసు గడువు కావాలి, మత్స్యశాఖకు పడవ నంబరు కావాలి. కొత్త గడి చేర్చడం ఇప్పుడు నిమిషాల మీద అయ్యే పని. గడి పేరు, అందులో పడేది అంకెలా అక్షరాలా తేదీయా, ఒకే విలువ పడుతుందా పది పడతాయా, ఎవరు దిద్దవచ్చు, ఎవరు చూడవచ్చు అన్నవి పూరించి మీట నొక్కితే, వేలమంది ప్రొఫైళ్లలో ఒకేసారి ఒక ఖాళీ గడి పుడుతుంది. ఈ అధ్యాయం ఆ ఖాళీ గురించే. ఆ గడి నిండకపోతే ఏమని అర్థం చేసుకోవాలి, నిండితే ఆ మాట ఎవరు చెప్పినది, ఎవరి కంట పడుతుంది, ఎప్పటిదాకా చెల్లుతుంది అన్నవే అసలు ప్రశ్నలని, వాటికి ముందుగా జవాబు చెప్పుకోకుండా చేర్చిన ప్రతి గడీ కొందరిని లెక్కలోంచి తప్పిస్తుందని నా వాదన. దీనికి సాక్ష్యం నెల్లూరు తీరంలో దొరుకుతుంది. రామాయపట్నం నుంచి పులికాట్ సరస్సు దాకా సాగే ఆ ఇసుక పట్టీ మీద రాకెట్ కేంద్రం, పెద్ద ఓడరేవు, రొయ్యల చెరువులు, ఉప్పుకొఠార్లు, మరబోట్లు, తెప్పలు పక్కపక్కనే ఉన్నాయి. అక్కడి మనుషుల్ని నూరేళ్లకు పైగా ఏదో ఒక కార్యాలయం ఏదో ఒక పట్టికలో ఎక్కిస్తూనే ఉంది.

తయారుగా వచ్చే గడులు ఎక్కడివో ముందు చూద్దాం. పెద్ద సంస్థలు, టెలిఫోన్ శాఖలు తమ మనుషుల జాబితాలను ఒకదానితో ఒకటి పంచుకోవడానికి 1988లో ఎక్స్.500 అనే ప్రమాణం వచ్చింది. అది మోయలేని బరువని తేలాక, అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో దానికి తేలిక రూపం కట్టారు. 1993లో బయటకు వచ్చిన ఆ పద్ధతి పేరు ఎల్‌డ్యాప్. ఈనాటికీ చాలా కార్యాలయాల్లో లాగిన్ వెనుక పనిచేసేది అదో, దాని వారసులో. అందులో మనిషి అన్న వస్తువుకు తప్పనిసరిగా నిండాల్సిన గడులు రెండు. ఒకటి వాడుక పేరు, రెండోది కుటుంబనామం. చివరన వచ్చే పేరే వంశం పేరు అయ్యే దేశాల్లో గీసిన గీత ఇది. తెలుగువారికి ఇంటిపేరు ముందుంటుంది, చాలామందికి అది పొడి అక్షరమై నిలుస్తుంది, పెళ్లయిన ఆడవాళ్లకు ఒక కాగితంలో పుట్టింటి పేరు, ఇంకో కాగితంలో అత్తింటి పేరు ఉంటాయి. తప్పనిసరి గడి ఖాళీగా ఉంటే కంప్యూటర్ ముందుకు పోనివ్వదు కనుక, నింపేవాడు ఏదో ఒకటి నింపుతాడు. చుక్క పెడతాడు, ఉన్న పేరునే రెండుసార్లు కొడతాడు. తర్వాత ఇంకో శాఖ ఆ జాబితాను తన జాబితాతో సరిపోల్చినప్పుడు ఒకే మనిషి ఇద్దరవుతాడు, లేదా ఎవరికీ సరిపోడు. ఆధార్ రూపకర్తలు ఈ చిక్కును ముందే గుర్తించి పేరుకు ఒకే గడి పెట్టారు. ముందు వెనుకలు నిర్ణయించే పనిని మనిషికే వదిలారు. గడుల సంఖ్యను కూడా బాగా కుదించారు. పేరు, పుట్టిన తేదీ, లింగం, చిరునామా తప్పనిసరి, ఫోన్, ఈమెయిల్ ఐచ్ఛికం. ఆధార్ వాడకం మీద ఎన్ని అభ్యంతరాలున్నా, ఎంత తక్కువ అడగాలన్న ఈ తొలి నిర్ణయం మాత్రం నేర్చుకోదగినది.

ఇక సముద్రం మీదికి వెళ్దాం. 2008 నవంబరులో ముంబైపై దాడి చేసినవాళ్లు పడవలో వచ్చారు. ఆ తర్వాత దేశంలోని ప్రతి చేపల పడవకూ ఆన్‌లైన్ రిజిస్ట్రేషన్, ప్రతి సముద్ర మత్స్యకారుడికీ బయోమెట్రిక్ గుర్తింపు కార్డు అన్న పనులు 2009 నుంచి మొదలయ్యాయి. పడవల కోసం జాతీయ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ కట్టిన పోర్టల్ పేరు రియల్‌క్రాఫ్ట్. పడవ పక్కన పెయింటుతో రాసే నంబరులో దేశం, రాష్ట్రం, రేవు ప్రాంతం గుర్తులతో పాటు పడవ రకం కూడా రెండు అక్షరాలుగా ఉంటుంది. లోపల ఇంజను ఉన్న మరబోటుకు ఎంఎం, బయట మోటారు బిగించిన పడవకు ఎంఓ. చూడగానే రకం తెలియడం తీరరక్షక దళానికి సౌకర్యమే. కానీ ఇక్కడ ఒక మౌలికమైన లోపం ఉంది. గుర్తింపు నంబరు మారకూడనిది, పడవ రకం మారగలది. పడవ అమ్ముడై ఇంకో రేవుకు పోవచ్చు, తెడ్డుతో నడిచిన పడవకు రేపు మోటారు బిగించవచ్చు. మారే లక్షణాన్ని మారకూడని నంబరులో కలిపి కుట్టాక, మిగిలేవి రెండే దారులు. నంబరు మార్చి పాత చరిత్రతో తెగతెంపులు చేసుకోవడం, లేదా అబద్ధం చెప్పే నంబరుతో బతకడం. డేటాబేస్ రూపశిల్పులు దశాబ్దాలుగా హెచ్చరిస్తున్న సంగతి ఇది. గుర్తుకు అర్థం ఉండకూడదు, అర్థం వేరే గడిలో ఉండాలి.

పడవ రకం అన్న ఈ చిన్న గడి మీద ఎంత బతుకు ఆధారపడి ఉందో గమనించాలి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, చేపలు గుడ్లు పెట్టే 61 రోజులు, ఇంజను పడవలు వేటకు వెళ్లకూడదు. మోటారు లేని సంప్రదాయ పడవలకు ఆ నిషేధం వర్తించదు. నిషేధ కాలానికి మత్స్యకార కుటుంబాలకు రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే భృతి 2019 నుంచి 10 వేల రూపాయలుగా ఉండి, 2025లో 20 వేలయింది. ఆ భృతి జాబితా పడవతో మొదలవుతుంది. రిజిస్టరైన పడవ, ఆ పడవ రకం, దాని మీద వెళ్లే కళాసీలు. అంటే వేటకు వెళ్లకూడదని ఎవరికి చెప్పాలో, వెళ్లనందుకు ఎవరికి సొమ్ము ముట్టాలో రెండూ ఒక గడిలోని విలువను బట్టి తేలతాయి. పడవ లేకుండా ఉప్పుటేరుల్లో, కాలువల్లో చిన్న వలలతో, ఉత్త చేతులతో చేపలు, పీతలు పట్టేవాళ్ల ప్రొఫైల్‌లో ఆ గడి ఖాళీ. గంపతో చేపలమ్మే ఆడమనిషికి, ఎండు చేపలు చేసే ఆడమనిషికి ఆ గడి ఖాళీ. సముద్రంలో పడవ ఆగిపోతే వాళ్ల గంపా ఖాళీ అవుతుందని ఆ పట్టికకు తెలిసే మార్గం లేదు. ఎవరికి ఇవ్వాలన్నది విధాన నిర్ణయమే, పోర్టల్ తప్పు కాదు. కానీ విధానం మారి, పడవ లేనివాళ్లనూ చేర్చాలని రేపు ఎవరైనా అనుకుంటే, వాళ్లు ఎవరో చెప్పగలిగిన గడి ఎక్కడా ఉండదు. గతంలో అడగని ప్రశ్న భవిష్యత్తులోని నిర్ణయాలకు కూడా అడ్డుగోడ అవుతుంది.

ఖాళీ అనేది కంప్యూటర్‌కు ఎలా కనిపిస్తుందన్నది ఈ అధ్యాయానికి కేంద్రం కనుక కాస్త నిదానంగా చూడాలి. సమాచారాన్ని పట్టికలుగా పేర్చే పద్ధతికి గణిత పునాది వేసినవాడు ఐబీఎంలో పనిచేసిన ఎడ్గార్ కాడ్. ఆయన వ్యాసం 1970లో వచ్చింది. ఆ పద్ధతి ఆధారంగా పుట్టిన ఎస్‌క్యూఎల్ భాషలో ఖాళీకి నల్ అని పేరు. నల్ అంటే సున్నా కాదు, లేదు అని కాదు, తెలియదు అని. అందుచేత దానితో ఏది పోల్చినా వచ్చే జవాబు అవునూ కాదు, కాదూ కాదు, తెలియదు. ఇప్పుడు ఒక గుమాస్తా, మరబోటు లేనివాళ్ల జాబితా తీయాలనుకుని, పడవ రకం ఎంఎం కానివాళ్లందరినీ చూపించమని అడిగాడనుకుందాం. పడవ రకం గడి ఖాళీగా ఉన్నవాళ్లకు మరబోటు లేదని మనకు తెలుసు. కంప్యూటర్ మాత్రం ఆ గడిని ఎంఎంతో పోల్చి, తెలియదు అనుకుని, ఆ మనిషిని పక్కన పెడుతుంది. ఎంఎం ఉన్నవాళ్ల జాబితాలోనూ అతను ఉండడు, లేనివాళ్ల జాబితాలోనూ ఉండడు. రెండు జాబితాలూ కూడితే మొత్తం జనం రారు. ఎర్ర అక్షరాల హెచ్చరికేదీ తెర మీద పడదు. తప్పు జరిగినట్టు ఎవరికీ తెలియదు.

ఇంతకంటె ఆశ్చర్యం ఇంకోటి ఉంది. అదే ప్రశ్నను ఎల్‌డ్యాప్ డైరెక్టరీని అడిగితే జవాబు తలకిందులవుతుంది. డైరెక్టరీలో ఖాళీ గడి అంటూ ఉండదు. విలువ లేకపోతే ఆ గడే ఆ మనిషికి ఉండదు. ఫలానా విలువ కానివాళ్లను చూపమంటే, గడే లేనివాళ్లను కూడా అది జాబితాలో కలుపుతుంది. ఒకే సంస్థలో లాగిన్ వివరాలు డైరెక్టరీలోనూ, పథకాల వివరాలు ఎస్‌క్యూఎల్ పట్టికల్లోనూ ఉండటం మామూలే. అంటే ఒకే మనిషి, ఒకే ప్రశ్నకు, ఒక చోట ఉంటాడు, ఇంకో చోట ఉండడు. రెండింటిలో ఏది సరైనదన్న ప్రశ్నకు గణితం జవాబు చెప్పలేదు. ఖాళీకి ఏ అర్థం ఉద్దేశించామో మనమే చెప్పాలి. అమెరికా ప్రమాణాల సంస్థ వాళ్ల ఒక అధ్యయన బృందం 1975లోనే డేటాబేసుల్లో ఖాళీకి 14 రకాల అర్థాలు ఉండగలవని జాబితా కట్టింది. నెల్లూరు తీరానికి అన్ని అవసరం లేదు, నాలుగు చాలు. ఇంకా అడగలేదు, అడిగాం కానీ తెలియదన్నారు, చెప్పడం ఇష్టం లేదన్నారు, వీరికి ఆ ప్రశ్న వర్తించదు. ఈ నాలుగూ నాలుగు వేర్వేరు పనుల్ని కోరతాయి. అడగనివాళ్ల దగ్గరికి మళ్లీ వెళ్లాలి, తెలియనివాళ్లకు తెలుసుకునే దారి చూపాలి, ఇష్టం లేనివాళ్లను గౌరవించి వదిలేయాలి, వర్తించనివాళ్లను లెక్కలోంచి పోకుండా కాపాడాలి. నాలుగింటినీ ఒకే ఖాళీలో కుక్కితే, ఈ పనుల్లో ఒక్కటీ జరగదు.

దీని బరువు ఎక్కువగా మోసేది యానాదులు. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఈ షెడ్యూల్డు తెగవారు 5 లక్షలకు పైగా ఉన్నారు. వారికి పెట్టనికోట నెల్లూరు ప్రాంతమే. శ్రీహరికోట దీవిలో అడవి మీద బతికిన యానాది కుటుంబాలు, రాకెట్ కేంద్రం కోసం 1969లో ఆ దీవిని ఎంచుకున్నాక చోటు మారాల్సి వచ్చింది. రొయ్యల చెరువుల కాపలాకు, ఇటుక బట్టీలకు, చేపల వేటకు ఊరూరా తిరిగే కుటుంబాలకు నిలకడైన చిరునామా ఉండదు. ఇంట్లోనో చెరువుగట్టు మీదో పుట్టినవారికి పుట్టిన తేదీ కాగితం ఉండదు. పుట్టిన తేదీ తప్పనిసరి గడి అయినప్పుడు, నింపే ఉద్యోగి జనవరి 1 అనో, జూలై 1 అనో వేస్తాడు. అప్పటి నుంచి అది నిజమైన తేదీతో సమానంగా చెలామణి అవుతుంది. భృతికి, పింఛనుకు వయసు హద్దులున్నప్పుడు ఈ ఊహించిన తేదీయే అర్హతను తేలుస్తుంది. ఈ విషయంలోనూ ఆధార్ నిర్మాణంలో ఒక మంచి ఏర్పాటు ఉంది. పుట్టిన తేదీ పక్కన ఆ తేదీ ఎలాంటిదో చెప్పే మరో చిన్న గడి ఉంటుంది. కాగితం చూసి ధ్రువీకరించినదా, మనిషి స్వయంగా చెప్పినదా, వయసును బట్టి ఉజ్జాయింపుగా వేసినదా అని అది చెబుతుంది. విలువతో పాటు ఆ విలువ ఎక్కడి నుంచి వచ్చిందో కూడా దాచుకునే పద్ధతి ఇది. విచారించాల్సిన విషయమేమిటంటే, ఆ తేదీని అరువు తెచ్చుకునే తక్కిన పోర్టళ్లు తమ పట్టికలో తేదీకి మాత్రమే చోటిచ్చి పక్క గడిని వదిలేస్తే, ఉజ్జాయింపు కాస్తా దారిలోనే ధ్రువీకరణగా మారిపోతుంది. కొత్త గడి చేర్చేటప్పుడు, ఈ మాట ఎవరు చెప్పారు అన్న రెండో గడిని కూడా చేర్చకపోతే మొదటిదాన్ని చేర్చడం సగం పనే.

కాలం సంగతీ అంతే. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో జిల్లాల పునర్విభజన అమల్లోకి వచ్చింది. సూళ్లూరుపేట, గూడూరు ప్రాంతాలు కొత్త తిరుపతి జిల్లాలోకి వెళ్లాయి. శ్రీహరికోట కూడా వాటితోనే వెళ్లింది. ప్రకాశం జిల్లా నుంచి కందుకూరు నెల్లూరులో కలిసింది. ఒక రాత్రిలో లక్షలమంది ప్రొఫైళ్లలో జిల్లా అన్న గడి అబద్ధమైంది. వాళ్లలో ఒక్కరూ కదల్లేదు. ఇది మొదటిసారీ కాదు. 1970లో ప్రకాశం జిల్లా పుట్టినప్పుడు నెల్లూరు నుంచే కొన్ని తాలూకాలు అటు వెళ్లాయి, కందుకూరు వాటిలో ఒకటి. జిల్లా పేరును ప్రతి మనిషి ప్రొఫైల్‌లో రాసిపెట్టిన పోర్టల్ ఆ లక్షల గడుల్నీ దిద్దాలి, దిద్దితే 2021లో ఆ మనిషికి నెల్లూరు కార్యాలయం ఇచ్చిన కాగితం పొసగకుండా పోతుంది. గ్రామానికి ఒక నంబరు ఇచ్చి, ఆ గ్రామం ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఏ జిల్లాలో ఉందో వేరే పట్టికలో రాసుకున్న పోర్టల్‌కు ఆ రోజు చేయాల్సిన పని కొన్ని వరుసలు చేర్చడమే. గ్రామం పేరు బదులు నంబరు ఎందుకంటే, పట్టపుపాలెం లాంటి పేరు ఈ తీరంలో ఒక ఊరిది కాదు. మనిషికి సంబంధించినది ఏదో, మనిషి ఉన్న చోటుకు సంబంధించినది ఏదో విడదీయడం గడి చేర్చేవారు నేర్వాల్సిన తొలి పాఠాల్లో ఒకటి. కొత్త గడి అడిగినప్పుడల్లా, ఇది నిజంగా ఈ మనిషి లక్షణమేనా, లేక ఇతను ముట్టుకున్న ఇంకో వస్తువు లక్షణమా అని ప్రశ్నించుకుంటే సగం గడులు ప్రొఫైల్‌లోకి రాకుండా తమ చోటికి అవి వెళ్తాయి.

ఎవరు చూస్తారన్న ప్రశ్నకు వస్తే, చరిత్ర ఇంకా కఠినంగా మాట్లాడుతుంది. నేరస్థ తెగల చట్టం 1871లో పుట్టినా, మద్రాసు రాష్ట్రానికి విస్తరించింది 1911 చట్టంతో. ఆ చట్టం కింద నోటిఫై అయిన తెగల్లో పుట్టినవారి పేర్లు రిజిస్టర్లో ఎక్కించి, వేలిముద్రలు తీసుకునే అధికారం ప్రభుత్వానికి దక్కింది. నెల్లూరు జిల్లా కావలిలో ఎరుకల తెగవారి కోసం అమెరికన్ బాప్టిస్టు మిషన్ నడిపిన సెటిల్మెంటు ఆ చట్టం నీడలోనే పెరిగింది. ఆ రిజిస్టర్లో తెగ అన్న ఒక్క గడి మనిషి ఎక్కడ నిద్రపోవాలో, ఎప్పుడు హాజరు చెప్పాలో తేల్చేది. దేశమంతటా ఆ చట్టం రద్దయింది 1952లో. నూరేళ్ల కిందటి సంగతి కంప్యూటర్ల కాలానికి వర్తించదని అనుకునేవారికి దగ్గరి ఉదాహరణ ఉంది. 2018 ఏప్రిల్‌లో రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైట్‌లో లక్షకు పైగా లబ్ధిదారుల ఆధార్ నంబర్లు, బ్యాంకు వివరాలు బహిరంగంగా ఉన్నాయని, కులం, మతం ఆధారంగా జనాన్ని వెతికే వీలు కూడా అందులో ఉందని పరిశోధకులు బయటపెట్టారు. ఆ గడులు అర్హత చూడటానికి చేర్చినవి. ఎవరో వాటికి వెతుకుడు పెట్టెను తగిలించారు. చేర్చినవాడి ఉద్దేశం గడితో పాటు ప్రయాణం చేయదు, విలువ మాత్రమే చేస్తుంది. ఇప్పటి పోర్టళ్లలో ఈ ప్రమాదం ఇంకో మెట్టు ఎక్కింది. ఎవరు ఏ తలుపు తెరవవచ్చో, ఏ పత్రం చూడవచ్చో వాళ్ల ప్రొఫైల్ గడుల్ని చూసి యంత్రమే నిర్ణయించే పద్ధతి బాగా వ్యాపించింది. అమెరికా ప్రభుత్వ సంస్థ నిస్ట్ 2014లో దానికి మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. అలాంటి చోట గడి వర్ణనగా మిగలదు, తాళంచెవి అవుతుంది. తన విభాగం పేరును ఉద్యోగి తానే దిద్దుకునే వీలున్న పోర్టల్‌లో, విభాగం పేరును చూసి తలుపు తెరిచే ఏర్పాటు ఎవరైనా చేస్తే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

నా వాదనకు వచ్చే మొదటి అభ్యంతరం ఖర్చు గురించి. డిస్కు చవక, ఎప్పుడు ఏది అవసరమవుతుందో తెలియదు, కనుక ఇప్పుడే అన్నీ అడిగి పెట్టుకుంటే నష్టమేమిటి అంటారు. నష్టం డిస్కులో లేదు. అడిగే ఉద్యోగి సమయంలో, చెప్పే మనిషి రోజు కూలిలో ఉంది. ఎవరూ వాడని గడిని ఎవరూ దిద్దరు కనుక, అవసరం వచ్చేనాటికి అందులో పాచిపోయిన సమాచారం ఉంటుంది. పైగా చేర్చినంత సులువు కాదు తీయడం. కార్యాలయాల్లో విరివిగా వాడే మైక్రోసాఫ్ట్ యాక్టివ్ డైరెక్టరీలో ఒకసారి కొత్త గడిని నిర్వచించాక దాన్ని తుడిచేసే వీలే లేదు, నిద్రపుచ్చడం ఒక్కటే మార్గం. చట్టం కూడా ఈ పక్కే ఉంది. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తులు గోప్యత ప్రాథమిక హక్కని ఏకగ్రీవంగా తీర్పిచ్చారు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, చెప్పిన ప్రయోజనానికి అవసరమైనంత మేరకే సమ్మతి చెల్లుతుందని అంటుంది. ఫోన్లో వైద్యం చేసే యాప్ మీ కాంటాక్ట్ జాబితాకూ సమ్మతి తీసుకుంటే, ఆ అదనపు సమ్మతి చెల్లదన్న ఉదాహరణ చట్టంలోనే ఉంది. సబ్సిడీలు, ప్రయోజనాల కోసం ప్రభుత్వానికి కొన్ని షరతులతో వెసులుబాటు ఉన్న మాట నిజమే. అయితే వెసులుబాటు ఉన్నచోటే రూపశిల్పి మనస్సాక్షికి ఎక్కువ పని పడుతుంది.

రెండో అభ్యంతరం సాంకేతిక నిపుణులది. పాత పట్టికల బిగుతే సమస్య, ఎవరికి ఏ గడి కావాలంటే అది తగిలించుకునే వదులు నిర్మాణం వాడితే పోతుంది అంటారు. పోస్ట్‌గ్రెస్ లాంటి డేటాబేసుల్లో 2014 నుంచి ఆ వీలు బాగా మెరుగైంది, దానివల్ల లాభమూ ఉంది. కానీ బిగుతు పోయినంత మాత్రాన అర్థం రాదు. యాక్టివ్ డైరెక్టరీకి మెయిల్ సర్వర్ తోడైనప్పుడు ఏ పేరూ లేని 15 అదనపు గడులు వచ్చి చేరతాయి, ఎవరికి తోచింది వాళ్లు నింపుకోవడానికి. వాటి గతి అందరు నిర్వాహకులకూ తెలిసిందే. ఏడో గడిలో ఒక విభాగం ఉద్యోగి నంబరు పెడుతుంది, ఇంకో విభాగం బస్సు రూటు పెడుతుంది, పెట్టినవాడు బదిలీ అయ్యాక అదేమిటో ఎవరూ చెప్పలేరు, ఏ ప్రోగ్రాము దాని మీద ఆధారపడిందో తెలియక ఎవరూ తుడవరు. ఇంటి అటకలా అది నిండుతూనే ఉంటుంది. నిర్మాణం వదులయ్యేకొద్దీ గడికి యజమాని ఎవరో రాసిపెట్టాల్సిన అవసరం పెరుగుతుంది.

మూడో అభ్యంతరం బరువైనది, దీన్ని తేలిగ్గా తీసేయకూడదు. గడి లేకపోతే మనిషి కనబడడు కదా, యానాదుల కష్టం లెక్కకు రావాలంటే తెగ అన్న గడి ఉండాల్సిందే, గోప్యత పేరుతో ఆ గడి తీసేస్తే నష్టపోయేది వాళ్లే కదా అంటారు. నేను పూర్తిగా ఒప్పుకుంటాను. రిజర్వేషన్, గృహాలు, భూమి పట్టాలు, అన్నిటికీ ఆ గుర్తింపే పునాది. చేపలమ్మే ఆడవాళ్లకు వృత్తి గడి ఉండాలి, అందులో ఒకటికి మించి విలువలు పట్టాలి. ఒకే కుటుంబం వేట కాలంలో పడవెక్కి, నిషేధంలో రొయ్యల చెరువు పనికి వెళ్లి, ఎండాకాలంలో ఉప్పు ఎత్తితే, ఒకే వృత్తి ఎంచుకోమని బలవంతపెట్టే గడి మూడింటిలో రెండింటిని చెరిపేస్తుంది. కాబట్టి నా వాదన గడులు తగ్గించమని కాదు. కావలి రిజిస్టర్లో ఉన్నదీ తెగ గడే, నేటి ధ్రువపత్రంలో ఉన్నదీ తెగ గడే. తేడా అంతా ఆ గడిని ఎవరు నింపారు, ఎవరు చూస్తారు, తప్పయితే దిద్దమని అడిగే హక్కు ఎవరికుంది అన్నవాటిలో ఉంది.

నాలుగు రకాల ఖాళీలు పెడితే ఉద్యోగులు పని తప్పించుకోవడానికి అందరికీ తెలియదు అని కొట్టేస్తారన్న మాటా వినిపిస్తుంది. కొందరు కొడతారు. కానీ అప్పుడు ఏ కార్యాలయంలో ఎంతమందికి అలా కొట్టారో లెక్క తీయవచ్చు, అక్కడికి మళ్లీ వెళ్లవచ్చు. తప్పనిసరి గడిలో పడిన జనవరి 1ని మాత్రం ఎవరూ పట్టుకోలేరు. కనబడే అజ్ఞానం సరిదిద్దడానికి లొంగుతుంది.

ఈ తీరానికి ఒక కొత్త గడి చేర్చే అవకాశం ఎవరికైనా వస్తే, నేను రేవుతో మొదలుపెట్టమంటాను. చిరునామా మనిషి ఎక్కడ పడుకుంటాడో చెబుతుంది, రేవు అతని పడవ ఎక్కడ ఒడ్డుకు వస్తుందో చెబుతుంది. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ చేపలు ఎక్కువగా ఉండే చోట్ల సూచనలను చేపలు దింపే రేవుల లెక్కన దూరం, దిశ, లోతులతో ఇస్తుంది, గ్రామం లెక్కన కాదు. తుపాను హెచ్చరిక వచ్చినా, శ్రీహరికోట నుంచి ప్రయోగం ఉండి ఫలానా రోజు ఫలానా పరిధిలోకి పడవలు వెళ్లవద్దని చెప్పాలన్నా కావాల్సింది రేవే. ఆ గడిలో ఒకటికి మించి రేవులు పట్టాలి, ఎందుకంటే గాలి మారితే దిగే చోటు మారుతుంది. ప్రతి రేవు పక్కన ఎప్పటి నుంచి అన్న తేదీ ఉండాలి, ఎందుకంటే జువ్వలదిన్నెలో హార్బరు వచ్చాక మైపాడులోనో ఇసకపల్లిలోనో ఇసుక మీదికి లాగిన పడవలు కొన్ని అటు మళ్లవచ్చు. చెప్పింది పడవ మనిషే అన్న గుర్తు ఉండాలి, అతను తన ఫోన్లోంచే దాన్ని మార్చుకోగలగాలి, మార్చినప్పుడు పాతది చెరిగిపోకూడదు. పడవ లేనివారికి ఆ గడిలో వర్తించదు అన్న విలువ ఉండాలి, ఖాళీ కాదు. హెచ్చరిక పంపే ప్రోగ్రాము ఆ విలువను చూసినప్పుడు ఆ మనిషిని వదిలేయకుండా, ఉప్పుటేటి గట్టు మీద ఉండే ఆ కుటుంబానికి గ్రామం నంబరును బట్టి సందేశం పంపాలని దాన్ని రాసేవారికి ముందే చెప్పి ఉంచాలి. రెండేళ్లపాటు ఏ ప్రోగ్రామూ చదవని నాడు ఆ గడిని మూసేసే అధికారం ఎవరిదో, ఆ ఉద్యోగి హోదా పేరు కూడా గడి నిర్వచనంలోనే రాసి ఉండాలి.